చుక్కలు కనిపించే కప్పు

మేం తాటిచెట్లపాలెం వచ్చిన ఏడాది
కింది వాటా గుమ్మానికి కుడివైపు
వేలెడంత ఇత్తడి గొట్టం ఏటవాలుగా కొట్టి ఉండేది.
వస్తూ పోతూ దాన్ని తాకి వేళ్ళు ముద్దాడుకునేది హన్నాబాయి.
"కిరస్తానీలా?" అడిగింది అమ్మ.
"కాదు."
"సాయిబులా?"
"కాదమ్మా."
"మరేటి మీరు?"
గోడ గడియారానికి కీ ఇస్తున్న పెణకర్ తాత
తల తిప్పకుండా అన్నాడు: "రైల్వే."

యూదులు అన్న మాట తర్వాతెప్పుడో విన్నాం,
అదీ ఇంటిపేరే అనుకున్నాం చాన్నాళ్ళు.

అర్థమవడం చేపతో మొదలైంది.
జాలరిపేట నుంచి గంప మోసుకొచ్చే నూకాలు
హన్నాబాయి గుమ్మం దగ్గరికొచ్చేసరికి
రొయ్యల మీద గోనెపట్టా కప్పేది,
పీతల్ని మెట్ల కిందే వదిలేది,
కోనాన్ని ఎండకి తిప్పి గోటితో గీరి చూపించేది:
"పొలుసుంది సూడమ్మా. ఎప్పుడైనా తప్పుడు సేప ఇచ్చినానా నీకు?"
వాళ్ళ దేవుడి పేరు ఆవిడకి నోరు తిరగదు.
ఆయన నియమం మాత్రం గోటి చివర ఉండేది.

ఏటా వానలు వెనకబట్టే వేళకి
డాబా మీద, మా రేకుల గది పక్కన,
తాతకో పందిరి కావాలి.
పేరులో తప్ప పేటలో తాటిచెట్టు లేదు.
ఆనందపురం నుంచి ఆకు తెచ్చేవాడు వెల్డింగ్ షాపు లతీఫ్,
డీజిలుకి పుచ్చుకునేవాడు, కూలికి కాదు.
"దట్టంగా కప్పకు, చుక్కలు కనిపించాలి."
"వానొస్తే?" అన్నాడు నాన్న.
"తడుస్తాం. ఎడారిలో మావాళ్ళకి ఇంతకన్నా గట్టి ఇల్లు లేదు."
స్లాబు పాడవుతుందని ఇంటాయన సణిగాడు.
అమ్మ తన బట్టల తాడు ఆ వారం పిట్టగోడ వారకి మార్చుకుంది,
ఎవరూ అడక్కుండానే.

రెండువేల పద్నాలుగు, అక్టోబరు, ఆ ఆదివారం.
పందిరి వేసి నాలుగు రోజులు.
గాలి ముందు ఈలేసింది, తర్వాత గొంతు మార్చింది,
కాసేపు ఆగి, ఏదో మర్చిపోయినట్టు, ఎదురువైపు నుంచి వచ్చింది.
పందిరి లేచిపోయింది. దాని వెనకే మా రేకులు.
పన్నెండు మందిమి కింది వాటా వంటింట్లో,
మనవల్ని చెరో పక్కా పెట్టుకుని నూకాలు కూడా.
ఆ ఇంట్లో పాల గిన్నెలు వేరు, మాంసం గిన్నెలు వేరు.
గోడలు వణుకుతున్నా, చీకట్లో,
"ఇది దేనిది?" అని అడిగే తాకింది అమ్మ ప్రతి గిన్నెనీ.

"హుద్‌హుద్ అంటే పిట్ట," అన్నాడు లతీఫ్,
"సులేమాన్ ప్రవక్తకి కబుర్లు మోసిన పిట్ట."
"సొలొమోను మావాడే," తాత.
"అయితే మీవోడికి సెప్పి ఆపించండి," అంది నూకాలు.
ఆ రోజు మేం నవ్వింది ఆ ఒక్కసారే.

తెల్లారి చూస్తే వీధి నిండా చెట్లు పడుకుని ఉన్నాయి.
తాత కుర్చీలో కూర్చుని గడియారం తుడుస్తున్నాడు.
"మీ పండగింకా అవ్వలేదు కదా," అంది అమ్మ.
లతీఫ్ షాపులో వంగిన పైపులు మిగిలాయి.
వేప, బాదం, తురాయి, ఎవరి చేతికి దొరికింది వాళ్ళు లాక్కొచ్చాం.
"ఇవి పనికొస్తాయా?"
"నేలలోంచి మొలిచిందేదైనా."

హన్నాబాయి అటుకుల్లో బెల్లం, కొబ్బరి కలిపింది.
"మలీదా," అంది.
"మా పీర్లకి చేసేదే మలీదా, ఇది కాదు," అన్నాడు లతీఫ్.
"అటుకులూ బెల్లమూ మావి," అంది అమ్మ.
తగువు తేలకముందే గిన్నె అడుగు కనిపించింది.

కరెంటు లేదు. పోర్టు దీపాల్లేవు.
విశాఖ మీద అన్ని చుక్కలు నేను మళ్ళీ చూడలేదు.
కప్పు లేని మా గది వైపు చూసి నాన్న ఏదో అనబోయి ఊరుకున్నాడు.
తాత అతని దొన్నెలో తన వాటా వంచాడు.

నూకాలు మాత్రం మెడ ఎత్తి ఆకుల్లోకి చూస్తోంది.
"ఇక్కడ దట్టమైపోనాది," అంటూ లేచి
ఒక వేపరెమ్మ తీసి పక్కన పెట్టింది.